బెంజోడయజెపీన్ గ్రాహకం

బెంజోడయజెపీన్ గ్రాహకం మెదడులోని నాడీకణాల పొరలో ఉండే ఒక ప్రొటీను. డయజెపామ్ వంటి ఔషధాలు దీనికి అంటుకొని ఆందోళనను తగ్గించి, నిద్రను కలిగిస్తాయి. గాబా అను నాడీ సందేశ రసాయనం పనిచేసేది కూడా ఈ ప్రొటీను మీదనే. ఈ విషయం ప్రొటీనును శుద్ధి చేయుట వలన నిర్ధారణ అయినది.

నేపథ్యం

డయజెపామ్ 1963లో వాడుకలోకి వచ్చినది. ఇది అంటుకొను స్థానాలు మెదడులో ఉన్నాయని 1977లో డెన్మార్కులో స్క్వైర్స్, బ్రేస్ట్రప్, స్విట్జర్లాండులో మోహ్లర్, ఒకాడా వేర్వేరుగా చూపారు. గాబాను కలిపినపుడు ఈ బంధనం బలపడుతున్నట్లు తరువాత తెలిసినది. అయితే ఈ రెండింటి స్థానాలు ఒకే ప్రొటీనుపై ఉన్నాయా, లేక పక్కపక్కనే ఉన్న వేర్వేరు ప్రొటీనులపైనా అన్నది తేలలేదు.

శుద్ధీకరణ

లండనులో ఎరిక్ బర్నార్డ్ బృందం ఆవు మెదడు వల్కలం నుండి ఈ గ్రాహకాన్ని వేరుచేసి 1983లో వివరాలను ప్రచురించినది. ముందుగా డిటర్జెంటుతో ప్రొటీనులను కణపొర నుండి ద్రవంలోకి తెస్తారు. ఆ ద్రవాన్ని బెంజోడయజెపీన్ అణువులు అతికించిన గుళికల స్తంభం గుండా పంపుతారు. గ్రాహకం గుళికలకు అంటుకొంటుంది, మిగిలినవి కొట్టుకుపోతాయి. ఆపై ఔషధ ద్రావణాన్ని పోసి గ్రాహకాన్ని విడిపిస్తారు. ఈ ఔషధాన్ని పూర్తిగా తొలగించనిదే బంధనాన్ని సరిగా కొలవలేము.

బంధన మాపనం

ట్రిటియంతో రేడియోధార్మికం చేసిన ఫ్లునైట్రజెపామ్‌ను గ్రాహకంతో కలిపి, వడపోసి, వడపోత కాగితంపై మిగిలిన రేడియోధార్మికతను లెక్కిస్తారు. ఔషధం ఇతర చోట్ల కూడా అంటుకొంటుంది. కావున రేడియోధార్మికం కాని ఔషధాన్ని అధికంగా చేర్చి మరల కొలుస్తారు. మొదటి విలువ నుండి రెండవదానిని తీసివేయగా వచ్చినదే నిర్దిష్ట బంధనం.

సగం స్థానాలు నిండుటకు కావలసిన ఔషధ గాఢతను వియోజన స్థిరాంకం అంటారు. ఇది ఎంత తక్కువైతే బంధనం అంత గట్టిది. ఉదాహరణకు స్థిరాంకం 2 నానోమోలార్ అయితే, అదే గాఢత వద్ద 50 శాతం, 18 నానోమోలార్ వద్ద 90 శాతం స్థానాలు నిండుతాయి.

ఈ మాపనం శుద్ధతకు కూడా కొలమానం. 2,50,000 డాల్టన్ల ప్రొటీనుకు ఒక బంధన స్థానం ఉంటే, శుద్ధమైన ఒక మిల్లీగ్రాము 4 నానోమోల్‌ల ఔషధాన్ని పట్టుకోగలదు. అంతకన్నా తక్కువ వస్తే మలినాలైనా ఉండాలి, కొంత ప్రొటీను పాడైనా ఉండాలి.

ఫలితాలు

శుద్ధి చేసిన ప్రొటీను ఫ్లునైట్రజెపామ్‌ను, గాబా వలె పనిచేసే మస్కిమాల్‌ను కూడా పట్టుకొన్నది. ఔషధం ఆధారంగా ఏరిన ప్రొటీనులోనే గాబా స్థానం కూడా ఉండుటచే రెండూ ఒకే నిర్మాణంలోనివని తేలినది. అందులో సుమారు 53,000, 57,000 డాల్టన్ల బరువు గల ఆల్ఫా, బీటా ఉపభాగాలు కనబడ్డాయి. వాటి జన్యు సంకేతాలు 1987లో తెలిశాయి. 1989లో గామా-2 ఉపభాగం గుర్తించబడినది. గ్రాహకంలో ఐదు ఉపభాగాలు క్లోరైడు అయానుల మార్గం చుట్టూ అమరి ఉంటాయి. గాబా బీటా, ఆల్ఫాల నడుమ, డయజెపామ్ ఆల్ఫా, గామాల నడుమ అంటుకొంటాయి. అనగా ఔషధం గాబా స్థానాన్ని ఆక్రమించదు, గాబా పనిని బలపరుస్తుంది.