ఇజ్జత్ లెక్క

జగిత్యాల, కోరుట్ల పల్లెల్లో విందుకు పోయినవాడు చాలంటే ఎవరూ నమ్మరు. "ఇంకింత ఏస్కో" అని బతిమాలకపోతే పిలిచినవాళ్లకే మర్యాద తక్కువ. అదే మనిషి గల్ఫ్‌లో అరబ్బుల మజ్లిస్‌లో కూర్చుంటే పద్ధతి మారుతుంది. ఫింజాన్ అనే చిన్న కప్పులో అడుగున కాస్త గహ్వా, అంటే అరబ్బు కాఫీ, పోస్తారు. కుడిచేత్తో అందుకోవాలి. తాగి ఊరికే తిరిగిస్తే మళ్లీ పోస్తారు. కప్పును అటూ ఇటూ ఊపితేనే చాలన్నట్టు. ఈ గహ్వా మర్యాదను 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

కొన్ని విషయాల్లో మనవాడు కొత్తగా నేర్చుకునేది తక్కువ. ఎడమచేత్తో ఇవ్వకూడదని మన ఇళ్లలోనూ చెబుతారు. ఎదుటివాడికి కాలు తగిలితే తాకి కళ్లకద్దుకునేవాడికి, అరబ్బు ముందు అరికాలు చూపిస్తూ కూర్చోకూడదని ఒకసారి చెబితే చాలు. చిక్కంతా ఇక్కడి మర్యాద అక్కడ తప్పయ్యే చోటే. "అక్క మంచిగున్నదా" అని అడగకపోతే ఊళ్లో బావ మొహం ముడుచుకుంటాడు. గల్ఫ్‌లో మగవాణ్ని అతని భార్య గురించి నేరుగా అడగడమే తప్పు. ఇంటిల్లిపాదీ క్షేమమేనా అన్నంతవరకు ఆగాలి.

మొహం ముడుచుకోవడం పైపై నటన కాదు. 1996లో మనస్తత్వవేత్తలు డవ్ కోహెన్, రిచర్డ్ నిస్బెట్ బృందం అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో చేసిన ఒక ప్రయోగాన్ని ప్రచురించింది. ఇరుకు దారిలో ఒకడు కావాలని విద్యార్థికి భుజం తగిలించి, ఒక తిట్టు తిట్టి పోతాడు. తరువాత విద్యార్థుల లాలాజలాన్ని పరీక్షిస్తే, ఒత్తిడికి గుర్తయిన కార్టిసాల్ ఉత్తరాది రాష్ట్రాలవాళ్లలో 33 శాతం, దక్షిణాదివాళ్లలో 79 శాతం పెరిగింది. తిట్టు ఒకటే, ఒళ్లు మండిన తీరు వేరు. పరువుకు ప్రాణమిచ్చే చోట పెరగడమే కారణమన్నారు వాళ్లు.

ఇజ్జత్ అని మనమనే దాన్ని సామాజికవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1955లోనే పరిశోధనకు తెచ్చాడు. భాషా పరిశోధకులు పెనెలొపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ 1978లో దాన్ని రెండుగా విడదీశారు. నలుగురూ నన్ను కలుపుకోవాలన్న కోరిక ఒకటి, నా జోలికి రావద్దన్న కోరిక ఇంకొకటి. "ఇంకింత ఏస్కో" మొదటిదాన్ని నింపుతుంది, రెండోదాని మీద దాడి చేస్తుంది. వాళ్లు ఉదాహరణలు తీసుకున్న భాషల్లో మన పక్కింటి తమిళం ఒకటి. ఒక మాట ఎంత బరువో తేల్చడానికి వాళ్లు మూడు కూడమన్నారు: ఇద్దరి మధ్య దూరం, ఎదుటివాడికి మనమీదున్న అధికారం, అడుగుతున్న పని ఆ సమాజంలో ఎంత భారం అన్నది.

జపాన్ భాషావేత్త సచికో ఇదె 1989లో ఈ లెక్కకు అభ్యంతరం చెప్పారు. మర్యాద అన్నిచోట్లా మనిషి ఎంచుకునేది కాదు, తన స్థానమేదో తెలుసుకుని నడుచుకునేదని ఆమె వాదన. జగిత్యాలవాళ్లకు ఇది పుస్తకం చదివి తెలియాల్సిన సంగతి కాదు. దొర గడీ ముందు చెప్పులు చేతపట్టుకుని నడవడం ఎవరూ ఎంచుకున్న మర్యాద కాదు. బ్రౌన్, లెవిన్సన్ లెక్క అచ్చయిన 1978లోనే, సెప్టెంబరులో, రైతుకూలీలు జగిత్యాల జైత్రయాత్ర చేశారు. వెట్టి చెయ్యబోమన్నారు. నా దృష్టిలో ఆ లెక్కలోని అధికారమనే అంకెను కొట్టేయాలని అడగడమే అది. అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

గల్ఫ్‌కు పోయినవాళ్లకు అధికారమనే ఆ అంకె కఫీల్, అంటే వీసా ఇప్పించిన యజమాని, రూపంలో మళ్లీ ఎదురైంది. వీసా యజమానితో ముడిపడి ఉన్నప్పుడు కూలి తిట్టుకు తిట్టు బదులివ్వలేడు. తప్పు ఎవరిదో తెలిసినా కోపం తెచ్చుకునే వీలు ఒకరికే ఉంటుంది. అందుకే ఏళ్ల తరబడి అక్కడున్నవాడికి అరబ్బు మర్యాదలు కంఠోపాఠమవుతాయి. అతని కఫీల్‌కు కోరుట్ల మర్యాద ఒక్కటైనా తెలియాల్సిన అవసరం పడదు. పరాయి సంస్కృతిని నేర్చుకోవడం గురించి గొప్పగా మాట్లాడేవాళ్లు ఈ ముక్క ఎందుకో వదిలేస్తారు.

సిరిసిల్ల నుంచి భివండీకి పోయిన నేత కార్మికుడికి నేర్చుకునే భారం తక్కువ. అక్కడి పద్మానగర్‌లో పక్కింటివాళ్లూ పద్మశాలీలే, పలకరింపులూ పండుగలూ ఊరివే. మరాఠీ మర్యాద బజారు వరకు వస్తే చాలు. దూరమనే అంకె అక్కడ చిన్నది. సాంచాల (మరమగ్గాల) యజమాని కూడా తెలుగువాడే అయితే ఇంకా చిన్నది. అధికారమనే అంకె మాత్రం యజమాని చేతిలోనే ఉంటుంది.