ఈర్ష్య, హింస, ద్రోహం: జీవపరిణామం చూపే కారణాలు

మనిషి శరీరంలాగే మనసు కూడా జీవపరిణామంలో రూపుదిద్దుకున్నదేనన్నది పరిణామ మనోవిజ్ఞానానికి పునాది. పూర్వీకులు బతికి బట్టకట్టడానికి, పిల్లల్ని కని పెంచడానికి పనికొచ్చిన స్వభావాలు తరతరాలకూ అందుతూ వచ్చాయి. బంధాలను తెంచి, ప్రాణాలు తీసే హింస, ఈర్ష్య, దాంపత్య ద్రోహం వంటివి ఎందుకు అంతరించిపోలేదన్న ప్రశ్నకు శాస్త్రవేత్తలు ఈ కోణం నుంచే జవాబు వెతుకుతున్నారు.

పోటీకి మూలం

సంతానం కోసం సాగే పోటీ ప్రాణుల రూపాన్నీ ప్రవర్తననూ మారుస్తుందని చార్లెస్ డార్విన్ 1871లో వివరించాడు. ఇదే లైంగిక వరణం. ఒక జాతిలో ఆడ, మగలలో ఎవరు ఎక్కువగా పోటీ పడతారో ఎలా చెప్పగలం? 1972లో రాబర్ట్ ట్రివర్స్ దీనికి ఒక సూత్రం ఇచ్చాడు. సంతానం కోసం ఎక్కువ కాలం, ఎక్కువ శక్తి వెచ్చించేవారు జోడీని ఆచితూచి ఎంచుకుంటారు. తక్కువ వెచ్చించేవారు తమలో తాము పోటీ పడతారు. క్షీరదాల్లో గర్భం మోసేదీ పాలిచ్చేదీ తల్లే కాబట్టి పోటీ ఎక్కువగా మగవాటి మధ్య నడుస్తుంది. అయితే మనుషుల్లో తండ్రులు కూడా బిడ్డల్ని పోషిస్తారు. అందుకే చాలా క్షీరదాలతో పోలిస్తే మనలో స్త్రీ పురుషుల మధ్య ఈ తేడా తక్కువ.

హింస

కెనడాకు చెందిన మార్టిన్ డేలీ, మార్గో విల్సన్ దంపతులు 1972లో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో జరిగిన హత్యల రికార్డులను పరిశీలించారు. చంపినవారిలోనూ చనిపోయినవారిలోనూ యువకులే ఎక్కువ. వారిలో చాలామందికి పెళ్లి కాలేదు, ఉద్యోగం లేదు. నలుగురిలో ఒక మాట పడటం, చిన్న అవమానం వంటివే చాలా గొడవలకు కారణాలు. పోలీసులు వీటిని అల్పమైన తగాదాలుగా నమోదు చేశారు. పోలీసు వ్యవస్థ లేని కాలంలో మాత్రం పరువే మగవాడికి రక్షణ కవచమనీ, దాన్ని పోగొట్టుకున్నవాడికి ఆస్తీ దక్కదు, తోడూ దొరకదనీ ఈ పరిశోధకులు వాదించారు. నేడు ప్రపంచవ్యాప్తంగా హత్య కేసుల్లో అనుమానితుల్లో దాదాపు 90 శాతం పురుషులే.

మన సమీప బంధువులైన చింపాంజీల్లోనూ ఇలాంటి హింస కనిపిస్తుంది. టాంజానియాలోని గోంబేలో 1974 నుంచి 1978 వరకు ఒక చింపాంజీల గుంపు పక్క గుంపులోని మగవాటిని ఒక్కొక్కటిగా చంపడాన్ని జేన్ గూడాల్ బృందం నమోదు చేసింది. కానీ మనకు అంతే దగ్గరి బంధువులైన బోనోబోల్లో అలాంటి హత్యలు దాదాపు లేవు. కాబట్టి మనిషి పుట్టుకతోనే హంతకుడని గానీ, సాధువని గానీ తేల్చలేం. హత్యల రేటు జపాన్‌లో లక్ష జనాభాకు ఒకటి కూడా లేదు. కొన్ని దేశాల్లో అది దానికి వంద రెట్లకు పైబడింది. అందరి జీవపరిణామ చరిత్రా ఒకటే అయినప్పుడు, ఇంత తేడాకు చట్టం, పేదరికం, సామాజిక పరిస్థితుల్లోనే కారణం వెతకాలి.

ఈర్ష్య

బిడ్డ తనదేనా అన్న సందేహం తల్లికి ఉండదు. తండ్రికి ఉండే అవకాశం ఉంది. అందుకే భార్య శారీరక సంబంధం పురుషుణ్ణి ఎక్కువగా కలచివేస్తుందనీ, భర్త ప్రేమ, సంపాదన మరొకరికి మళ్లిపోవడం స్త్రీని ఎక్కువగా బాధిస్తుందనీ ఒక సిద్ధాంతం ఉంది. 1992లో డేవిడ్ బస్, ఆయన సహచరులు అమెరికా విద్యార్థులను ఈ రెండింటిలో ఏది ఎక్కువ బాధాకరమని అడిగారు. శారీరక ద్రోహమని 60 శాతం అబ్బాయిలు, మానసిక ద్రోహమని 83 శాతం అమ్మాయిలు చెప్పారు.

దీన్ని అందరూ ఒప్పుకోలేదు. ప్రేమించిన మగవాడు శారీరకంగానూ దగ్గరై ఉంటాడని స్త్రీలు ఊహించుకోవడం వల్లే ఆ జవాబు వస్తోందని డేవిడ్ డిస్టెనో, పీటర్ సాలోవే 1996లో వాదించారు. 2019లో బ్రూక్ షెల్జా బృందం 11 సమాజాలను పోల్చింది. తండ్రులు బిడ్డల పెంపకంలో ఎక్కువ పాలుపంచుకునే చోట ఈర్ష్య తీవ్రంగానూ, లేనిచోట తక్కువగానూ ఉంది. ఈర్ష్య పరిస్థితిని బట్టి పెరిగే, తగ్గే గుణమని దీన్నిబట్టి తెలుస్తోంది.

పురుషుడి ఈర్ష్య చట్టాల్లోనూ చోటు చేసుకుంది. భారత శిక్షాస్మృతి 497వ సెక్షన్ ప్రకారం భర్త సమ్మతి లేకుండా అతని భార్యతో సంబంధం పెట్టుకున్న పురుషుడే నేరస్థుడయ్యేవాడు. పెళ్లైన పురుషుడు పెళ్లికాని స్త్రీతో తిరిగితే అది ఆ సెక్షన్ కింద నేరమయ్యేది కాదు. భార్యను భర్త సొత్తుగా చూసే ఈ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 27న కొట్టివేసింది.

ద్రోహం

జంటగా గూడు కట్టుకునే పక్షులు పరస్పరం నమ్మకంగా ఉంటాయని ఒకప్పుడు భావించేవారు. డీఎన్ఏ పరీక్షలు వచ్చాక, చాలా జాతుల గూళ్లలో మరో మగపక్షికి పుట్టిన పిల్లలు కూడా ఉన్నట్టు తేలింది. ఎక్కువ జోడీలతో మగప్రాణికి ఎక్కువ సంతానం కలగవచ్చు. ఆడప్రాణికి లాభమేమిటి? రాజస్థాన్‌లోని ఆబూలో కొండముచ్చులను గమనించిన సారా హర్డీ 1977లో ఒక కారణం చెప్పింది. గుంపును చేజిక్కించుకున్న కొత్త మగది పాలు తాగే పిల్లల్ని చంపేస్తుంది. పలు మగవాటితో కలిసిన తల్లి, బిడ్డ ఎవరిదో తెలియకుండా చేసి దాన్ని కాపాడుకుంటుందన్నది ఆమె వివరణ. మంచి జన్యువుల కోసమే స్త్రీలు ద్రోహం చేస్తారన్న మరో ప్రతిపాదనకు ఆధారాలు బలంగా లేవు.

పశ్చిమ ఐరోపా వంశాల్లో భర్త కాని పురుషుడికి పుట్టిన పిల్లలు తరానికి ఒకటి రెండు శాతమే. నమీబియాలోని హింబా ప్రజల్లో 2020లో వెలువడిన అధ్యయనంలో అది 48 శాతం. అక్కడ అది రహస్యమూ కాదు, పెద్ద నిందా కాదు.

వివరణ సమర్థన కాదు

ఒక గుణం సహజమైనంత మాత్రాన అది న్యాయమైపోదు. యుద్ధం, హింస మన జన్యువుల్లో రాసిపెట్టి ఉన్నాయనడం అశాస్త్రీయమని 1986లో పలువురు శాస్త్రవేత్తలు సెవిల్ ప్రకటనలో చెప్పగా, 1989లో యునెస్కో దాన్ని ఆమోదించింది. నచ్చిన ప్రతి గుణానికీ ఒక ప్రయోజనం ఊహించి కథ అల్లే ప్రమాదం గురించి స్టీఫెన్ జే గూల్డ్, రిచర్డ్ లెవాంటిన్ 1979లోనే హెచ్చరించారు. జీవిత భాగస్వాముల చేతిలో హతమయ్యేవారిలో అత్యధికులు స్త్రీలే కాబట్టి, అనుమానంతో చేసిన దాడికి ప్రకృతిని సాకుగా చూపనివ్వకూడదు. కోపం, ఈర్ష్య ఎక్కడినుంచి వచ్చాయో పరిణామ శాస్త్రం కొంతవరకు చెబుతుంది. వాటితో ఏం చేయాలన్నది మనిషీ, కుటుంబమూ, చట్టమూ తేల్చుకోవలసిన విషయం.