వెలుగును కూడబెట్టే విద్య

పిల్లలూ, కార్తీకం వచ్చిందంటే మన ఎత్తిపోతల జలపాతం మీద ఆకాశం తేటపడుతుంది. అమావాస్య దగ్గరపడ్డ రోజుల్లో, రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలప్పుడు తలెత్తి చూడండి. పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర చుక్కలు నాలుగూ కలిసి నడినెత్తిన పెద్ద చతురస్రం కడతాయి. దాని ఈశాన్య మూల నుంచి అదే వరసలో రెండు చుక్కలు లెక్కపెట్టి, అక్కడ ఉత్తరానికి మళ్లి ఇంకో రెండు చిన్న చుక్కలు దాటండి. మసకగా ఒక మరక కనిపిస్తుంది. అదే దేవయాని గెలాక్సీ. మాచర్ల దీపాలు దక్షిణాన మన వీపు వైపు ఉంటాయి గనక వాటి బాధ కూడా తక్కువే.

దాని దూరం దాదాపు 25 లక్షల కాంతి సంవత్సరాలు. పల్నాటి యుద్ధం జరిగిన 12వ శతాబ్దంలో అక్కడ బయల్దేరిన వెలుగు ఇంతవరకూ తొమ్మిది వందల కాంతి సంవత్సరాలు కూడా నడవలేదు. మరి ఇవాళ మన కంట పడుతున్న వెలుగు ఎప్పటిదో మీరే ఊహించుకోండి.

దీన్ని ఫోటో తీయడానికి పెద్ద టెలిస్కోపే కావాలనుకుంటారు చాలామంది. అక్కర్లేదు. ఆకాశంలో దేవయాని పొడవు ఆరు పున్నమి చందమామలను పక్కపక్కన పేర్చినంత ఉంటుంది. మామూలు కెమెరాకు 135 లేదా 200 మిల్లీమీటర్ల లెన్స్ తగిలిస్తే చక్కగా పడుతుంది. కావలసింది పెద్ద కన్ను కాదు, ఓపిక. ఎండాకాలం వాగు ఇసుకలో చెలమ తవ్వినప్పుడు, నీరు ఊరేదాకా కూర్చున్నవాళ్లకే కదా కడవ నిండేది! వెలుగూ అంతే.

ఆ ఓపికకు మన జిల్లాల్లోనే ఒక పాత కథ ఉంది. 2022 దాకా మనం గుంటూరు జిల్లావాళ్లమే కదా. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రాన్స్ నుంచి జాన్సెన్, ఆంగ్లేయుల తరఫున టెనెంట్ అనే ఖగోళ పరిశీలకులు గుంటూరులోనే మకాం వేశారు. టెనెంట్ బృందం గ్రహణానికి ఫోటోలు తీసింది. అప్పటివి తడి గాజు పలకలు. రసాయనం పూసిన పలక ఆరేలోగా ఫోటో తీయాలి, కడగాలి. అంటే వెలుగు పోగుచేసుకోవడానికి దొరికేది నిమిషాలే. ధగధగలాడే సూర్యుడి అంచుకు అది చాలింది గానీ గెలాక్సీకి చాలదు.

ఆరిపోతుందన్న తొందర లేని పొడి పలకలు వచ్చాక కథ మారింది. ఐజాక్ రాబర్ట్స్ ఇంగ్లండులో ఇళ్లు కట్టించే కాంట్రాక్టరు. ఆకాశం ఆయనకు ఇష్టం కొద్దీ పెట్టుకున్న వ్యాపకం. 1888 డిసెంబరులో ఆయన దేవయానికి గంటల తరబడి పలక పట్టి తీసిన ఫోటోలో, ఆ మరక సుడి తిరిగిన ఆకారమని లోకానికి తెలిసింది.

ఇప్పుడు మన చేతిలో ఉన్నది అంతకన్నా గొప్ప సౌకర్యం. ఒక్కొక్క నిమిషం చొప్పున వంద ఫోటోలు తీసి కంప్యూటర్లో ఒకదానిపై ఒకటి పేరుస్తాం. గెలాక్సీ వెలుగు వంద రెట్లవుతుంది. ఫోటోలో చిందరవందరగా పడే రేణువులు మాత్రం వర్గమూలం లెక్కన పదిరెట్లే పెరుగుతాయి. అంటే బొమ్మ పదిరెట్లు తేటపడ్డట్టే. చివర్లో లెన్స్‌కు మూత పెట్టి, అదే నిమిషం లెక్కన ఇంకొన్ని తీయండి. కెమెరా సొంత మచ్చలు అందులో పడతాయి, వాటిని అసలు బొమ్మలోంచి తీసేయొచ్చు. సిరిల్, డీప్‌స్కైస్టాకర్ లాంటి ప్రోగ్రాములు ఉచితంగానే దొరుకుతాయి.

భూమి తిరుగుతోంది గనక కెమెరా కూడా చుక్కల వెంట తిరగాలి. లేకపోతే రెండు మూడు సెకన్లకే చుక్కలు గీతలవుతాయి. అందుకే తిరిగే మౌంట్ కావాలి. దాని ఇరుసు ధ్రువుడి వైపు ఉండాలి. ఎత్తిపోతలలో ధ్రువుడు పదహారున్నర డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. చెయ్యి చాపి చూస్తే పిడికిలిన్నర ఎత్తు. ఇరుసును అంత కిందికి వంచితే కొన్ని మౌంట్ల బరువు కడ్డీ వెళ్లి ట్రైపాడ్ కాలికి కొట్టుకుంటుంది. మౌంట్ కింద చిన్న గొట్టం బిగించి ఎత్తు పెంచితే సరి. జలపాతం తేమకు లెన్స్ మీద మంచు పడుతుంది, పవర్ బ్యాంకుతో నడిచే వేడి పట్టీ చుట్టండి.

ఇది కేవలం సరదా అనుకోకండి. 2023లో డ్రెక్స్‌లర్, స్ట్రాట్‌నర్, సైంటీ అనే ఔత్సాహికులు నాలుగంగుళాల టెలిస్కోపుతో వంద గంటలకు పైగా వెలుగు పోగేసి, దేవయాని పక్కన ఎవరూ చూడని పెద్ద ఆక్సిజన్ చాపాన్ని బయటపెట్టారు. మహామహా టెలిస్కోపులు చూసే చూపు ఇరుకు. అంత వెడల్పాటి మసక వెలుగు కోసం అన్ని గంటలు ఎవరూ కూర్చోలేదు.

పెద్దవాళ్లను వెంటబెట్టుకుని, అటవీశాఖవాళ్లను అడిగి వెళ్లండి. మడుగులో మొసళ్లున్నాయి, చీకట్లో కిందికి దిగకండి. మొదటిసారి బొమ్మ బాగా రాలేదని ఫోటోలు చెరిపేయకండి, తేదీ రాసి దాచండి. వచ్చే కార్తీకంలో తీసేవాటిని వీటికే కలపొచ్చు.