మోటారు పడవకు సవరణ పలకలు

మోటారు పడవలో సముద్రవిహారము చేసినవారికి ఒక దృశ్యము సుపరిచితము. ఇంజను జోరు పెంచినంతనే పడవ వెనుకభాగము నీటిలో కూరుకొనిపోవును. ముక్కు ఆకాశమువైపు లేచును. నడుపువానికి ఎదుట సముద్రము కనిపించదు; తన పడవ ముక్కు మాత్రమే కనిపించును. ఆ కొన్ని క్షణములలో ఎదుట ఎవరైన ఈదుచున్నను, చిన్న పడవ యొకటి అడ్డువచ్చినను అతడెరుగడు. ఈ చిక్కును తీర్చుటకై పడవ వెనుక అమర్చు రెండు లోహపు రేకులను ట్రిమ్ టాబ్స్ అందురు. మనము వానిని సవరణ పలకలని పిలుచుకొందము.

గోదావరిమీద నడచు లాంచీలకు ఈ బాధ లేదు. అవి నీటిని చీల్చి, ఇరుప్రక్కలకు త్రోసికొనుచు పోవును. అట్టి పడవకు వేగమున ఒక హద్దు కలదు. నీటిగీత వెంబడి పడవ పొడవును అడుగులలో కొలిచి, దాని వర్గమూలమును 1.34 చేత హెచ్చించినచో, నాట్ల లెక్కలో ఇంచుమించుగా ఆ హద్దు తెలియును. 25 అడుగుల పడవకు అది 6.7 నాట్లు. అంతకు మించి పోవలెనన్న పడవ తాను లేపిన అలను తానే ఎక్కవలసివచ్చును. అమెరికాలోని ఫ్లారిడా తీరమున వినోదార్థము వాడు వేగపు పడవలు ఆ అలను ఎక్కి దాటి, నీటిపైన జారిపోవునట్లు నిర్మింపబడినవి. ఎక్కునప్పుడు ముక్కు లేచుట సహజమే. ఇంజను బరువు, నూనె తొట్టి బరువు, కూర్చున్నవారి బరువు తరచుగా వెనుకనే ఉండుటచేత ఆ ఎక్కుట దీర్ఘమై, నూనె వృథాయగును.

సవరణ పలక చేయు పని అతి సరళమైనది. తలుపు బందువంటి బందుతో పడవ వెనుకగోడ అడుగు అంచున బిగించిన రేకు అది. దానిని కొద్దిగా క్రిందికి వంచినచో, పడవ అడుగున పారివచ్చు నీరు దానిని తాకి క్రిందికి మరలును. ఆ నీటి ఒత్తిడి పలకను, దానితో పడవ వెనుకభాగమును పైకెత్తును. కావడిబద్దకు ఒక కొన ఎత్తిన రెండవ కొన దిగునట్లు, వెనుక లేచినచో ముక్కు దిగును. విమానముల రెక్కలయందును, ఓడల చుక్కానులయందును ఇదే పేరుగల వేరొక చిన్న రెక్క కలదు. 1983లో మరణించిన అమెరికా మేధావి బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ సమాధిఫలకముపై ‘నన్ను ట్రిమ్‌టాబ్ అనుడు’ అని చెక్కియున్నది. అది ఆ చుక్కాని రెక్కను గూర్చిన మాటయే గాని మన పలకను గూర్చినది కాదు.

పలకలు రెండు ఎందులకు? 1960లో మయామీనుండి నాసౌ వరకు జరిగిన మోటారు పడవల పందెమున రే హంట్ రూపకల్పన చేసిన ‘మోపీ’ అను పడవ, పెద్ద అలలలో పరుగిడి గెలిచినది. దాని అడుగు ఇంగ్లీషు ‘వీ’ అక్షరమువలె లోతైన కోణముతో నుండెను. ఆ పిమ్మట అట్టి అడుగు బహుళప్రచారము పొందినది. అది అలలను మెత్తగా కోయును గాని, ఒక మనుష్యుడు ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు జరిగినను ఒరుగును. ప్రక్కగాలి వీచినప్పుడు మరియొక వింత: పడవ గాలికి ఎదురుగానే ఒరుగును. గాలి త్రోయుచుండగా దారి తప్పకుండుటకు నడుపువాడు ముక్కును గాలివైపు కొంత త్రిప్పియుంచును. మలుపు తిరుగు పడవ లోపలివైపునకు వాలును గదా! ఈ ఒరుగుటను సరిదిద్దుటకు రెండు పలకలును వేర్వేరుగా కదలవలెను.

కొనుటకు ముందు బరువు సర్దిచూడవలెను. లంగరు, మంచినీరు, సామాను ముందునకు జరిపిన మాత్రముననే కొన్ని పడవలు బాగుపడును. పథ్యము లేక మందు మ్రింగుట ఎందులకు?

పలక కొలతకు వాడుకలో నొక సూత్రము కలదు: పడవ పొడవున అడుగునకు ఒక అంగుళము చొప్పున ఒక్కొక్క పలక వెడల్పు. 24 అడుగుల పడవకు ప్రక్కకు 24 అంగుళములు. వెనుకకు చాచిన కొలత సాధారణముగా 9 అంగుళములు. చోటున్నచో పెద్ద పలకయే మేలు. చిన్నదానిని ఎక్కువ వంచుటకంటె పెద్దదానిని కొద్దిగా వంచినచో నీటి అడ్డు తక్కువ. అమర్చుచోటు వెనుకగోడ ప్రక్క అంచునుండి మూడు, నాలుగు అంగుళములు లోపలికి ఉండవలెను. ఇంజను కాలికిని పలకకును నడుమ 8 అంగుళములకు తక్కువ కాని ఎడము విడువవలెను. లేకున్న పలక చెదరగొట్టిన నీరు ప్రొపెల్లరు పట్టును చెరచును.

ఇక ఎత్తు. బందు అంచు పడవ అడుగునకు పావు అంగుళమంత పైన ఉండవలెను. అడుగుకంటె క్రిందికి దిగెనా, వేగముగా వచ్చు నీరు ఆ అంచును ఢీకొని పడవను వెనుకకు లాగును. పొడవైన తిన్నని బద్దను పడవ అడుగునకు ఆనించి వెనుకకు చాచి పట్టి, పలక పూర్తిగా పైకెత్తినప్పుడు దాని వెనుక అంచు ఆ బద్ద గీతకు కొంచెము పైననే ఉన్నదని చూచుకొనవలెను. ఇక్కడ తప్పిన పడవ ముక్కు ఎల్లప్పుడు దిగియే ఉండును. మీటతో ఎంత ఎత్తినను ఎత్తదు.

ఇంతవరకు కొలత పని. అసలు భయము రంధ్రములు తొలుచునప్పుడు మొదలగును. నీటిగీతకు దిగువన పడవకు రంధ్రము చేయుట సామాన్యవిషయము కాదు. ఫైబర్‌గ్లాసు పడవ వెనుకగోడ పైకి ఒకే దిమ్మవలె కనిపించినను, పెక్కింటిలో రెండు గాజునార పొరల నడుమ ప్లైవుడ్డు ఉండును. మరచుట్టు వెంట నీటిబొట్టు లోనికి పోయినచో అది తిరిగి రాదు; ఆ చెక్కను సంవత్సరముల తరబడి నానబెట్టి కుళ్ళించును. ఒక మిత్రుని పడవ వెనుకగోడను సుత్తి పిడితో తట్టగా ఒకచోట గట్టి ధ్వనియు, పలక బిగించిన చోట మెత్తని మూగధ్వనియు వినిపించుట నేనెరుగుదును. మర విప్పగా నల్లని తడిపొట్టు రాలినది. ఆ పలకలు బిగించినవాడు కొలతలలో ఏ పొరపాటును చేయలేదు. రంధ్రములకు లేపనము పెట్టుట మాత్రము మరచెను. ఇంజను మోయు గోడయే అది. పలకల ధరకు ఎన్నో రెట్లు దాని మరమ్మతునకు చెల్లించవలసి వచ్చినది.

కావున రంధ్రమును కావలసినదానికంటె పెద్దదిగా తొలిచి, దానిని ఎపాక్సీ ముద్దతో పూర్తిగా నింపి, గట్టిపడిన పిదప దాని నడుమ మరకు తగిన చిన్న రంధ్రము చేయుట ఉత్తమపద్ధతి. అప్పుడు మర తగులునది ఎపాక్సీనే గాని చెక్కను కాదు. పైపూత పెచ్చులూడకుండ రంధ్రపు మూతిని కొంచెము ఒరసి వెడల్పు చేయవలెను. పలకను ఒకమారు ఉత్తగా బిగించి సరిచూచి, విప్పి, పడవలకై చేసిన పాలీయురెథేను లేపనమును ప్రతి రంధ్రమునందును, బందు వెనుకను నిండుగా పూసి మరల బిగించవలెను. స్నానపుగదులకు వాడు సిలికోను ఇచ్చట పనికిరాదు. తీగెలు లోనికి పోవు రంధ్రమును వీలైనంతవరకు నీటిగీతకు పైననే చేయుట మంచిది. ఉప్పునీటిలో నిలిచియుండు పడవకైనచో పలకకు జింకు ముద్దయొకటి బిగింతురు. విద్యుద్రసాయనచర్య మొదట జింకును తినును. స్టెయిన్‌లెస్ స్టీలు నిలుచును. ఆ ముద్దకు రంగు పూసినవాడు దాని పని చెరచినవాడగును.

పలకలను కదల్చుటకు కొన్నిటిలో విద్యుత్తు మోటారు, కొన్నిటిలో నూనె ఒత్తిడి ఉండును. రెండును పడవలోని 12 వోల్టుల బాటరీతోనే పనిచేయును. తీగెలు కలుపునప్పుడు పలువురు తికమకపడుదురు. మీటలమీద వ్రాసియుండునది పలక సంగతి కాదు, ముక్కు సంగతి. ఎడమ మీటను ‘ముక్కు దిగుట’ అనుచోట నొక్కినచో దిగవలసినది కుడిపలక. కుడి వెనుకభాగము లేచినప్పుడే ముక్కు ఎడమవైపు దిగును గదా! పడవ గట్టుమీద ఉండగానే ఒకరు వెనుక నిలిచి చూచుచుండగా మరియొకరు మీట నొక్కి పరీక్షింపవలెను. ఈ పరీక్ష చేయనివాడు సముద్రమున పడవ ఒరిగినకొలది మరింత ఒరుగునట్లు నొక్కుచుండును.

నీటిమీద మీటను పట్టి అదిమియుంచరాదు. ఒక్కసారి తట్టి, పడవ స్పందించువరకు వేచి, మరల తట్టవలెను. ఎదురలలలో ముక్కు కొంత దించినచో పడవ అడుగు అలలపై దబదబ మొత్తుకొనుట తగ్గును. నిమ్మళమైన నీటిమీద కొన్ని పడవలు గుఱ్ఱపు నడకవలె ముక్కు ఎత్తుచు దించుచు పోవును. స్వల్పముగా పలక దించిన అది మానును.

అలలు వెనుకనుండి తరుముకొని వచ్చునప్పుడు మాత్రము పలకలు పూర్తిగా పైకెత్తియుండవలెను. మయామీకి ఉత్తరమున హాలోవర్ అను సముద్రపు మొగ కలదు. బిస్కేన్ అఖాతపు నీరు పాటు సమయమున అటునుండి వడిగా వెలువడి, లోనికి వచ్చు అలలను ఎదిరించును. ఆ ఇరుకులో అలలు నిటారుగా లేచి విరుగును. బయటినుండి రేవునకు మరలు పడవకు అవి వెనుకనుండి తగులును. పలకలు దిగియున్నచో అల వెనుకభాగమును ఎత్తును, ముక్కు ముందున్న పల్లమున గ్రుచ్చుకొనును, వెనుకభాగము ప్రక్కకు కొట్టుకొనిపోవును. పడవ అలకు అడ్డముగా తిరుగును. బయట సముద్రమున సుఖముగా నడచుటకై దించిన పలకలను మొగ చేరకముందే ఎత్తుట అలవాటు కావలెను. అచ్చట చేరిన పిదప చేతికి తీరిక ఉండదు.

పడవను వెనుకకు నడుపునప్పుడును పలకలు పైననే ఉండవలెను. దిగియున్న రేకును ఎదురునీరు వంచివేయును. రేవున కట్టివేయునప్పుడు కూడ అంతే. కడ్డీలు లోనికి ముడుచుకొనియుండును గనుక వానికి సముద్రపు గుల్లలు అంటుకొనవు.