ఓట్స్‌ బార్‌తో తొలి సంపాదన!

నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తూనే ఇంటి నుంచి నాలుగు డబ్బులు సంపాదించాలనుకుంటున్నారా? బేకింగ్‌ సరదా ఉంటే పండ్లు, ఓట్స్‌ బార్లతో మొదలుపెట్టొచ్చు.

ముందు తయారీ చూద్దాం. బాగా పండిన రెండు అరటిపండ్లను మెత్తగా మెదపాలి. కప్పు గింజల్లేని ఖర్జూరాలను వేడినీళ్లలో 10 నిమిషాలు నానబెట్టి, రుబ్బి కలపాలి. రెండు కప్పుల ఓట్స్‌, అర కప్పు వేయించిన పల్లీలు, చిటికెడు ఉప్పు వేసి ట్రేలో గట్టిగా అదమాలి. 180 డిగ్రీల వద్ద 25 నిమిషాలు బేక్‌ చేయాలి. పూర్తిగా చల్లారాకే కోయండి. లేదంటే పొడిపొడి అయిపోతుంది. తీపికి ఖర్జూరమే చాలు, పంచదార అక్కర్లేదు.

ఫ్రెండ్స్‌ ‘సూపర్‌’ అన్నారని వెంటనే అమ్మకానికి దిగొద్దు. లెక్క రాయండి. సరకులు, కరెంటు, ప్యాకింగ్‌ కలిపి ట్రేకి రూ.240 అయిందనుకోండి. 12 బార్లు వస్తే ఒక్కోటి రూ.20 పడినట్టు. అదే ధరకు అమ్మితే మీ కష్టానికి దక్కేది సున్నా!

ఇంట్లో చేసి అమ్మినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్‌ ఉండాలి. ఫోస్కోస్‌ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. ప్యాకెట్‌పై 14 అంకెల నంబరు, పదార్థాలు, తయారీ తేదీ, గడువు ఉండాలి. పల్లీలు కొందరికి పడవు, ఆ సంగతీ రాయండి. అరటిపండు తేమకు త్వరగా పాడవుతాయి కాబట్టి ఆర్డర్‌ వచ్చాకే చేయండి.

వారానికి ఒక్క ట్రేతో మొదలుపెట్టండి. ఖర్చులు, ఆర్డర్లు, ఫిర్యాదులు నోట్‌బుక్‌లో రాసుకోండి. రేపు ఇంటర్వ్యూలో ‘చదువయ్యాక ఇన్నాళ్లూ ఏం చేశారు?’ అని అడిగితే, చెప్పడానికి మీ సొంత అనుభవం ఉంటుంది.