ఏనుగు మల్లమ్మకొండ



మదనపల్లెకు వాయవ్యమున సుమారు ముప్పది కిలోమీటర్ల దూరమున నొక కొండ కలదు. పటములయందును, బస్సుల పలకలమీదను దానిని హార్స్లీ హిల్స్ అని వ్రాయుచున్నారు. చుట్టుపట్టుల పల్లెలవారు హార్సిలీకొండ అందురు. క్రొత్తగా వచ్చువారిలో కొందఱు ఆ పేరున ఇంగ్లీషు గుఱ్ఱమును విని, ఇది గుఱ్ఱముల కొండ కాబోలు ననుకొందురు. గుఱ్ఱము పేరు గల కొండ మన సీమలో లేకపోలేదు. అది వాయల్పాటికి ఉత్తరమున నున్న గుఱ్ఱంకొండ. నేను చెప్పబోవు కొండకు గుఱ్ఱముతో సంబంధము లేదు. దీని తొల్లింటి పేరు ఏనుగుతో కూడినది. అది ఏనుగు మల్లమ్మకొండ. ఈ రెండు పేర్ల కథయే ఈ కొండ చరిత్ర యనవచ్చును.

మొదటి పేరు సంగతి మీలో పెక్కురు వినియుందురు. మల్లమ్మ యను నొక సాధ్వి కొండ శిఖరమున నొంటరిగా నివసించెడిదట. అడవి యేనుగులు ఆమెకు పండ్లును ఫలములును తెచ్చి పెట్టుచు ఆమెను పోషించెడివట. కొండనంటి యున్న యాటవికులకు జబ్బుచేసినపుడు ఆమె మందిచ్చి బాగుచేసెడిది. ఒకనాడు ఆమె యెవ్వరికిని చెప్పకయే కనబడకుండ పోయినది. ఆమె దేవతయని జనులు నమ్మి గుడి కట్టిరి. ఆ గుడి నేటికిని కొండమీద నున్నది. కథలో నిజమెంత, కల్పన యెంత యని తర్కింప నాకు తోచదు. ఒక్కమాట మాత్రము చెప్పవలెను. పేదల జబ్బులు నయముచేసిన యొక ముసలమ్మను తలచుకొని కొండకు పేరు పెట్టిన జనులు సామాన్యులు గారు.

ఏనుగుల మాట వట్టి పుక్కిటి పురాణమని త్రోసివేయ వీలులేదు. కుప్పము, పలమనేరు పెద్దలకు ఈ సంగతి నేను చెప్పనక్కఱలేదు. చిరకాలముగా ఏనుగుల జాడలేని ఆ యడవులకు 1980 దాటిన పిమ్మట తమిళనాడు, కర్ణాటక వైపునుండి గుంపులు తిరిగి వచ్చినవి. 1990లో అచ్చట కౌండిన్య అభయారణ్యము నేర్పఱచిరి. నాటినుండి చెఱకుతోటలకును అరటితోటలకును కావలి కాయుచున్న రైతులకు ఏనుగు మల్లమ్మ కథ వినిన నవ్వు రావచ్చును. మల్లమ్మకు పండ్లు తెచ్చిన జాతియే మన పండ్లు తినిపోవుచున్నదని వారనిన, వారిని తప్పుపట్టలేము.

ఇక రెండవ పేరు. 1792, 1799 సంవత్సరములలో మైసూరు యుద్ధములు ముగిసినపుడు ఇచ్చటి సీమలు నిజామునకు దక్కెను. 1800లో నిజాము వానిని కంపెనీ కిచ్చివేసెను. అవియే దత్తమండలములు. ఆ తరువాత చాలకాలము మదనపల్లె కడప జిల్లాలోనిదై యుండెను. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినపుడు అందు చేరెను, 2022లో అన్నమయ్య జిల్లాకు మాఱెను. కావున మన కొండకు పేరిచ్చిన దొర చిత్తూరు కలెక్టరు గాడు, కడప కలెక్టరు. ఆయన డబ్ల్యు. డి. హార్స్లీ. 1870 ప్రాంతమున ఆయన ఈ శిఖరమును వేసవి విడిదిగా నేర్పఱచుకొని, నివాసమునకు బంగళాయు, పనికి కచేరియు కట్టించెను.

కడప యెండ యెట్టిదో యెఱిగినవారు ఆయనను నిందింపరు. ఆ రోజులలోనే మద్రాసు గవర్నరు పరివారముతో గూడ వేసవికి ఉదకమండలమునకు తరలిపోవు వాడుక స్థిరపడినది. పైవాడు పెద్దకొండ యెక్కగా క్రిందివాడు చిన్నకొండ యెక్కినాడు. అయినను కచేరి కొండమీద నున్నప్పుడు అర్జీ చేతబట్టుకొని పోవు రైతును కొండ యెక్కవలసినదే గదా! దొర చల్లదనమునకై యెక్కినాడు. రైతు పన్నుబాధ చెప్పుకొనుట కెక్కియుండును. చరిత్ర పుస్తకములలో మొదటి యెక్కుడే కనబడును.

కొండమీద చల్లగా నేల యుండును? సూర్యునకు దగ్గఱ యగుచున్నాము గదా, వేడి హెచ్చవలదా యని పిల్లలడుగుదురు. సూర్యుని దూరముతో పోల్చిన మన కొండ యెత్తు లెక్కకు రాదు. గాలికి వేడి ముఖ్యముగా నేలనుండి వచ్చును. ఎండ నేలను కాచును, కాగిన నేల తన్నంటిన గాలిని కాచును. ఆ గాలి పైకి పోవుకొలది పైనున్న యొత్తిడి తగ్గి వ్యాపించును. వ్యాపించిన గాలి చల్లబడును. సైకిలు చక్రమునుండి గాలి వదలునపుడు వ్రేలు పెట్టి చూడుడు, చల్లగా తగులును. కారణ మదియే. ఈ విధముగా వేయి మీటర్ల యెత్తునకు సుమారు ఆఱున్నర డిగ్రీల వేడి తగ్గును. మన కొండ సముద్రమట్టమునకు పండ్రెండు వందల మీటర్లకు పైబడి యున్నది; మన పాత లెక్కలో నాలుగువేల యడుగులకు మించినది. మదనపల్లె దాదాపు ఏడువందల మీటర్ల యెత్తున నున్నది. కడప పట్టణము నూటయేబదికి లోపలనే. అందుచే కొండమీద మదనపల్లెకంటె మూడు నాలుగు డిగ్రీలును, కడపకంటె ఏడు డిగ్రీలును తక్కువ వేడి యుండుట న్యాయము. చెట్లనీడయు గాలియు తోడైనపుడు భేద మింకను హెచ్చుగా తోచును.

చెట్లలో నెక్కువగా కంటబడునవి నీలగిరిచెట్లు. మన జనులు జామాయిలు చెట్లనియు నందురు. ఇవి ఆస్ట్రేలియా దేశపు చెట్లు. మనకు చేరువనే నున్న నందికొండపై టిప్పుసుల్తాను కాలమున, 1790 ప్రాంతమున, వీనిని నాటిరందురు. 1843లో నీలగిరులలో వంటచెఱకునకై తెచ్చి పెంచుటచే వానికి ఆ పేరే నిలిచిపోయినది. మన కొండమీది చెట్లలో నొకదానిని 1859లో నాటినట్లు లెక్క కలదు. దానికి కల్యాణి యని పేరు పెట్టిరి. నలువది మీటర్లవఱకు పెరిగిన ఆ మహావృక్షమునకు 1995లో కేంద్రప్రభుత్వమువారి మహావృక్ష పురస్కారము లభించినది. మనుష్యులకు బిరుదు లిచ్చుట వింటిమి. చెట్టునకు బిరుదిచ్చిన ప్రభుత్వమును మెచ్చుకొనవలెను. కాని నాకు నీలగిరిచెట్లకంటె కొండ సొంతబిడ్డలైన చందనము, కుంకుడు, సీకాయలమీదనే మక్కువ యెక్కువ. పరాయిచెట్టు నీరు బాగుగా త్రాగును. దాని నీడను పచ్చిక చక్కగా నెదుగదు. ఊరిచెట్టు పక్షికి పండు, మనిషికి మందు ఇచ్చును.

పక్షుల మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను. పసుపుగొంతు పికిలిపిట్ట యను నొక పిట్ట కలదు. అది దక్షిణదేశపు రాతికొండలలో దప్ప లోకమున మఱెచ్చటను లేదు. దానిని చూచుటకు దూరదేశములనుండి పక్షిశాస్త్రము తెలిసినవారు ఈ కొండకు వచ్చుచుందురు. బండల సందులలోని పొదలు నఱికినయెడల ఆ పిట్టకు వేఱు దిక్కు లేదు.

మీరు కొండకు పోయిన మొదట మల్లమ్మ గుడికి పోవుడు. పిమ్మట గాలిబండకు నడువుడు. అది కొండ కొనయందు నున్న నున్నని పెద్ద బండ. మైదానముమీదుగా వచ్చు గాలి కొండకు తగిలి పైకెక్కి, ఆ యంచున నొక్కసారిగా త్రోసికొని పోవును. పైపంచె గట్టిగా పట్టుకొనవలెను. అచ్చటనుండి చూచిన, క్రింద చెఱువులు పళ్ళెములవలె మెఱయుచు, పొలములు అతుకుల బొంతవలె కనబడును. మన యూరు, మన చెఱువు, మన గుడిగోపురము ఎక్కడనున్నవో వెదకి గుర్తించుట పెద్దలకును చిన్నపిల్లల సంతోషమునే కలిగించును. బండ నున్ననిది గనుక వాన పడినపుడు అంచునకు పోరాదు. కొండమీద గంగోత్రి యను చెఱువు కలదు. చెన్నకేశవుని గుడి కలదు. హార్స్లీనాటి అటవీ బంగళాయు, గవర్నరు బంగళాయు కలవు. చిన్న జంతుశాల పిల్లలకు వేడుక. నాకు బోనులోని జంతువుకంటె చెట్టుమీది కోతియే మేలనిపించును.

కొండనుండి దిగి వచ్చువారు ఈ చల్లని గాలి పల్లమునకు చేసిన మేలుకూడ చూడవలెను. మదనపల్లె చెంత ఆరోగ్యవరము కలదు. క్షయరోగమునకు మందులేని దినములవి. స్ట్రెప్టోమైసిను 1943కు ముందు లోకమునకు తెలియదు. స్వచ్ఛమైన పొడిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన యాహారము, ఇంతే చికిత్స. అట్టి గాలి యిచ్చట నుండుటచే 1915లో క్షయరోగుల ఆరోగ్యశాల వెలసినది. డెన్మార్కు దేశస్థుడైన ఫ్రిమోట్ మోల్లరు వైద్యుడు దానిని పెంచి పెద్దచేసెను. 1948లో మనదేశమున బి.సి.జి. టీకాలు మొదలిడిన చోట్లలో మదనపల్లె యొకటి. మీ మనుమల భుజముమీది టీకామచ్చకు మన సీమతో ఇంతటి చుట్టఱికము కలదు.

అనీబిసెంటమ్మ స్థాపించిన మదనపల్లె కళాశాలకు 1919లో రవీంద్రనాథఠాకూరు వచ్చి కొన్నిదినములు విశ్రమించెను. ప్రిన్సిపాలు కజిన్సుగారి భార్య మార్గరెట్టు సంగీతజ్ఞురాలు. ఆమె తోడ్పాటుతో జనగణమన గీతపు స్వరములు ఇచ్చట కుదురుకొన్నవి. ఆ గీతమును కవి తానే ఇంగ్లీషులోనికి మార్చినదియు ఇచ్చటనే. 1950 జనవరి 24న అది జాతీయగీతమైనది. ఈ మదనపల్లెలోనే 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి ఆశయముల ననుసరించి, కొండక్రింది లోయలో ఋషివ్యాలీ పాఠశాల నడచుచున్నది.

ఇప్పుడు మీతో నొక మాట చెప్పుకొనవలెను. సెలవుదినములలో కొండమీదికి కార్లు బారులుతీరుచున్నవి. వచ్చినవారు చల్లగాలి పీల్చి, ప్లాస్టికు సీసాలును సంచులును వదలి దిగిపోవుచున్నారు. శిఖరమున కురిసిన ప్రతి చినుకును క్రిందికే పాఱును. వానతో గూడ ఆ సంచులును వాగులలోనికి, వాగులనుండి మన చెఱువులలోనికి దిగును. చెఱువు తూము పూడినపుడు బాధ కారులో వచ్చినవానిది గాదు, ఆయకట్టు రైతుది. మన దిగువపల్లెల పంచాయతీలు కొండమీది చెత్త తమ సంగతి గాదని యూరకుండరాదు. కొండ మొదట చెత్తను నిలిపి పరీక్షింపుడని అధికారుల నడుగు హక్కు నీరు త్రాగువారికి కలదు.

పేరు విషయమున నాకు పంతము లేదు. హార్స్లీ పేరు తుడిచివేయవలె ననను. ఆయనయు అక్కడ కొంతకాలము కాపురమున్నవాడే. కాని పలకమీద రెండు పేర్లు వ్రాసిన నష్టమేమి? ఏనుగు మల్లమ్మకొండ యని పలుకు నోళ్ళు ఏటికేడు తగ్గుచున్నవి. పలక వ్రాయించువఱకు మీ మనుమలకు చెప్పుటకు ఎవరి యనుమతియు నక్కఱలేదు.

మదనపల్లెనుండి అంగళ్లు మీదుగా బస్సు పోవును. కార్తికము మొదలు మాఘమువఱకు మంచికాలము. వేసవిలో జనసమ్మర్దము హెచ్చు. ప్రభుత్వ పర్యాటకశాఖవారి వసతిగృహములు కలవు. రాత్రి బసచేయు పెద్దలు కంబళి వెంట తీసికొనిపోవలెను.