మీకు తెలుసా? కరెంటు లేని ఆంప్లిఫయర్

పాత మహబూబ్‌నగర్ జిల్లా పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగ వాద్యానికి ఆంప్లిఫయర్ ఎండిన సొరకాయ బుర్రలే! పెద్దవి మూడు, వెదురు గడకు వేలాడుతుంటాయి. మెట్లను తేనెమైనంతో అతికిస్తారు. దగ్గర కూర్చుంటే స్వరంతో పాటు గోరు తీగకు తగిలే చప్పుడూ వినిపిస్తుంది. అదే దాని అందం.

నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య దీన్ని మీటుతూ జానపద వీరుడు పండుగల సాయన్న కథ పాడతారు. 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా టైటిల్ పాట ఆయన గొంతుతోనే మొదలైంది. 2022లో పద్మశ్రీ వరించింది.

ఎక్‌స్ట్రీమ్ మెటల్ అనే హోరు రాక్ సంగీతం అభిమానులు వెతుక్కునేదీ ఇలాంటి పచ్చిదనాన్నే. నార్వే బ్యాండ్ మేహెమ్ 1990 నవంబరు 26న జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఇచ్చిన కచేరీ, 1993లో ‘లైవ్ ఇన్ లైప్‌జిగ్’ ఆల్బమ్‌గా వచ్చింది. శబ్దం గరుకుగా, మసకమసకగా ఉంటుంది. అయినా దాన్ని ప్రాణంగా దాచుకున్నవాళ్లున్నారు. అందులో పాడిన గాయకుడు పెర్ ఓలిన్ 1991 ఏప్రిల్‌లోనే కన్నుమూశాడు. ఆ బ్యాండ్‌తో స్టూడియోలో ఒక్క పూర్తి ఆల్బమ్ కూడా పాడలేదు.